ఒకే బెల్టు, ఒకే గాలి

పాత వోక్స్‌వ్యాగన్ బీటిల్ స్పీడోమీటరులో ఒక చిన్న ఎర్ర దీపం ఉంటుంది. ఆ కాలపు వేరే కార్లలో అలాంటి దీపం వెలిగితే డైనమో చార్జింగ్ ఇవ్వడం లేదని అర్థం. చాలాసార్లు బ్యాటరీలో మిగిలినదానితో ఎలాగో ఇల్లు చేరి, మర్నాడు మెకానిక్‌కి చూపించుకోవచ్చు. బీటిల్‌లో వెలిగితే మాత్రం కారు పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపెయ్యాలి. ఎందుకంటే డైనమో ఇరుసుకు రెండో కొసన ఇంజన్‌ని చల్లబరిచే ఫ్యాను బిగించి ఉంటుంది. రెండింటినీ తిప్పేది ఒకే బెల్టు. అది తెగిందంటే కరెంటుతోపాటు గాలీ ఆగిపోయినట్టే. ఆ కారుకి రేడియేటరు లేదు, నీళ్లు లేవు, వేడి ఎంతుందో చూపించే ముల్లూ లేదు. అలాగే నడిపితే కాసేపట్లోనే ఇంజన్ పట్టేస్తుంది.

ఆ ఫ్యాను పనులు అక్కడితో అయిపోవు. ఇంజన్ ఆయిల్‌ని చల్లబరిచేదీ ఆ గాలే. చలికాలంలో లోపల కూర్చున్నవాళ్ల కాళ్లకు వెచ్చగా తగిలేదీ, ముందు అద్దం మీద పొగమంచు కరిగించేదీ ఆ గాలే. కొత్తగా బీటిల్ కొనుక్కున్నవాళ్లు సాధారణంగా ఒక కాగితం మీద మూడు కోరికలు రాసుకుంటారు: హీటరు సరిగ్గా పనిచేయాలి, ఎండలో ఇంజన్ కాగిపోకూడదు, ఇంకాస్త పికప్ ఉండాలి. నాలుగోది రాసుకునేవాళ్లకు ఏసీ కూడా కావాలి. వీటిని వేర్వేరు పనులనుకుని ఒక్కొక్కటే చేయిస్తూ పోతే కారు చెడిపోతుంది. ఆ మూడు కోరికలూ ఒకే గాలిని పంచుకుంటాయి. ఒకదానికి ఎక్కువ ఇస్తే ఇంకొకదానికి తగ్గుతుంది. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఈ పంపకం గురించే.

అసలు నీళ్లెందుకు వద్దనుకున్నారు? 1930లలో ఫెర్డినాండ్ పోర్షే ఈ కారు గీస్తున్నప్పుడు, దాన్ని కొనబోయే జర్మన్ కుటుంబాలకు కారు పెట్టుకునే షెడ్డు ఉండదు. రాత్రంతా మంచులో ఉన్న కారులో నీళ్లు గడ్డకడితే ఇంజన్ పగులుతుంది. గాలికి ఆ బెడద లేదు. గడ్డకట్టదు, మరగదు, కారిపోదు. పోర్షే దగ్గర పనిచేసిన ఫ్రాంజ్ రైమ్‌స్పీస్ గీసిన ఇంజన్‌లో నాలుగు సిలిండర్లు రెండేసి చొప్పున ఎదురెదురుగా పడుకుని ఉంటాయి. సిలిండర్లు పోత ఇనుము, హెడ్‌లు అల్యూమినియం, వాటిని మోసే డొక్క మెగ్నీషియం మిశ్రమం. ఇంజన్ కారు వెనక ఉంటుంది కాబట్టి బరువు తగ్గించడం అవసరం. 1938లో పునాది పడిన ఫ్యాక్టరీ యుద్ధం తర్వాత నిజంగా కార్లు చేయడం మొదలుపెట్టి, జర్మనీ నుంచి బ్రెజిల్‌కూ మెక్సికోకూ పాకి, చివరికి మొత్తం 2,15,29,464 బీటిల్‌లు తయారయ్యాయి. బ్రెజిల్‌లో దాన్ని ఫుస్కా అంటారు, మెక్సికోలో వోచో.

గాలితో ఇంజన్‌ని చల్లబరచడం మనకు తెలియని సంగతి కాదు. మన పల్లెల్లో నడిచిన ఐషర్ ట్రాక్టర్లు చాలా వరకు ఆ రకమే. బుల్లెట్ బండి ఇంజన్ బయటికి కనబడుతుంది; దాని రెక్కలకు ఎదురుగాలి నేరుగా తగులుతుంది. స్కూటర్ ఇంజన్ పక్క రేకు వెనక దాగి ఉంటుంది, ఎదురుగాలి తగలదు. అందుకని దాని ఫ్లైవీల్‌కే ఫ్యాను రెక్కలుంటాయి, సిలిండర్ చుట్టూ ఒక కవరు ఉంటుంది. ఫ్యాను గాలి కవరులోంచి దూరి, సిలిండర్ రెక్కల సందుల్లోంచి రాసుకుంటూ పోతుంది. బీటిల్ ఇంజన్ అచ్చంగా ఈ స్కూటర్ పద్ధతిలోది.

చిన్నప్పుడు మా ఇంట్లో ఒక స్కూటర్ ఉండేది. ఒకసారి ఇంజన్ పని చేయించాక మెకానిక్ సిలిండర్ కవరు తిరిగి బిగించలేదు. విరిగిందట. ‘ఇంకా మంచిదే, గాలి బాగా తగులుతుంది’ అన్నాడు. వినడానికి సబబుగానే ఉంది. మూతేసిన వస్తువు కంటే మూత తీసిన వస్తువు త్వరగా చల్లారుతుందని ఎవరికి తెలియదు? పదిరోజులు తిరక్కుండానే మధ్యాహ్నపు ఎండలో, ఊరికి నాలుగు కిలోమీటర్ల అవతల, ఆ బండి పట్టేసింది. నాన్న దాన్ని తోసుకుంటూ ఇంటికి తెచ్చారు. చాలా ఏళ్ల తర్వాత బీటిల్ గురించి చదువుతుంటే ఆ మధ్యాహ్నానికి కారణం దొరికింది. గాలికి సులువైన దారి ఉంటే అది సందుల్లోకి దూరదు. కవరు తీసేస్తే ఫ్యాను విసిరిన గాలి చుట్టుపక్కల చెదిరిపోయింది. రెక్కల మధ్యకి వెళ్లాల్సినది వెళ్లలేదు. ఇంజన్ బయటికి కనిపించినంత మాత్రాన చల్లబడదు, గాలి దానిలోంచి పోతేనే చల్లబడుతుంది.

కొంచెం లెక్క వేస్తే ఈ గాలి ఎంత బరువు మోస్తోందో తెలుస్తుంది. పెట్రోలు మండితే వచ్చే శక్తిలో సుమారు మూడోవంతు చక్రాలను తిప్పడానికి పోతుంది. ఇంకో మూడోవంతు సైలెన్సర్ దారిన పోతుంది. మిగిలినది సిలిండర్లలోకీ హెడ్‌లలోకీ ఆయిల్‌లోకీ ఇంకుతుంది. దాన్ని బయటికి తోలకపోతే లోహం మెత్తబడుతుంది. 1600 సీసీ బీటిల్ ఇంజన్ 50 హార్స్‌పవర్ ఇస్తుంది, అంటే దాదాపు 37 కిలోవాట్లు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు అంతకంత వేడిని గాలి తీసుకెళ్లాలి. మన ఇళ్లల్లో వాడే రెండు కిలోవాట్ల గీజర్లు పద్దెనిమిది ఒకేసారి వేసినంత వేడి అది.

ఒక లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కుతూ తీసుకెళ్లగలిగే వేడి, ఒక లీటరు గాలి తీసుకెళ్లేదానికి దాదాపు మూడున్నర వేల రెట్లు. ఈ తేడాని పూడ్చుకోవడానికి గాలికి మూడు ఉపాయాలున్నాయి. ఒకటి, పరిమాణం. ఫ్యాను ఇంజన్ కంటే దాదాపు రెట్టింపు వేగంతో తిరుగుతూ, ఇంజన్ జోరు మీదున్నప్పుడు సెకనుకు అయిదారు వందల లీటర్ల గాలి తోస్తుంది; అంటే 200 లీటర్ల డ్రమ్ములు రెండున్నర పైచిలుకు, ప్రతి సెకనూ. రెండోది, రెక్కలు. సిలిండర్ చుట్టూ పల్చని రెక్కలు పోత పోయడంతో గాలి తాకే వైశాల్యం ఎన్నో రెట్లు పెరుగుతుంది. మూడోది, తేడా. నీళ్ల ఇంజన్‌లో నీరు 90 డిగ్రీల దగ్గర ఉంటుంది, కానీ గాలి ఇంజన్‌లో హెడ్ 150 నుంచి 200 డిగ్రీల దాకా ఉంటుంది. వేడి వస్తువుకీ గాలికీ మధ్య ఎంత తేడా ఉంటే అంత వేగంగా వేడి దాటుతుంది.

ఈ మూడో ఉపాయం దగ్గరే మన ఎండాకాలం అడ్డొస్తుంది. 20 డిగ్రీల జర్మన్ మధ్యాహ్నం 180 డిగ్రీల హెడ్‌కి, గాలికి తేడా 160. మే నెలలో రెంటచింతల దగ్గర 45 డిగ్రీల గాలిలో ఆ తేడా 135కి పడిపోతుంది. పైగా వేడిగాలి పల్చన. అదే ఫ్యాను, అదే వేగం, కానీ తోసిన గాలి బరువు ఎనిమిది శాతం తక్కువ. అంతే వేడిని బయటికి పంపాలంటే హెడ్ తనే ఇంకా కాగాలి. చేతి లెక్కన 180 దగ్గర నిలవాల్సిన హెడ్ 210 దాటుతుంది. 200 పైన ఎక్కువసేపు నడపడం అల్యూమినియం హెడ్‌కి మంచిది కాదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బీటిల్ పెట్టుకున్నవారికి, చల్లని దేశాల యజమానులకున్నంత వెసులుబాటు లేదన్నమాట. వాళ్లు పోనీలే అని వదిలేసే చిన్న సందుని కూడా మనం మూయాలి.

మరి ఫ్యాక్టరీవాళ్లు చేసిన పెద్ద పొరపాటు ఒకటుంది, దాని కథ తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. ఆయిల్‌ని చల్లబరిచే కూలరును వాళ్లు ఫ్యాను కవరు లోపలే, మూడో నంబరు సిలిండర్‌కి వెళ్లే గాలి దారిలో నిలబెట్టారు. ఆయిల్ చల్లబడుతుంది, నిజమే. కానీ ఆ సిలిండర్‌కి దక్కే గాలి తక్కువ, ఆ దక్కేదీ అప్పటికే ఆయిల్ వేడి పీల్చుకుని వెచ్చబడింది. నాలుగు సిలిండర్లలో మూడోది ఎప్పుడూ ఎక్కువ కాగేది. ఎక్కువ కాలం నడిచాక దాని ఎగ్జాస్ట్ వాల్వు తల తెగి పిస్టన్ మీద పడి బెజ్జం చేసేది. పాత బీటిల్ మెకానిక్‌లు ఇంజన్ విప్పకుండానే ‘మూడోదే పోయుంటుంది’ అనేవాళ్లు. కంపెనీ మొదట చేసిన సర్దుబాటు విచిత్రమైనది: డిస్ట్రిబ్యూటర్‌ని మలిచి, మూడో సిలిండర్‌లో నిప్పు రవ్వ మిగతావాటికంటే కాస్త ఆలస్యంగా పడేలా చేశారు, దానికి శ్రమ తగ్గుతుందని. మూలకారణాన్ని సరిచేసింది 1971 మోడల్‌తో. కూలరును ఫ్యాను కవరు బయట విడిగా ఒక చిన్న గూట్లో పెట్టి, దానికి సొంత గాలి దారి ఇచ్చారు. ఆ అదనపు గాలి కోసం ఫ్యానును వెడల్పు చేశారు. ఆ గూడు కుక్కపిల్లకు కట్టిన ఇల్లులా ఉంటుందని అమెరికన్లు దానికి ‘డాగ్‌హౌస్’ అని పేరు పెట్టారు.

1960లనాటి బీటిల్ ఉన్నవారు డబ్బు ఖర్చు పెట్టదలిస్తే మొదటి రూపాయి ఈ డాగ్‌హౌస్ కవరుకీ, దాని వెడల్పు ఫ్యానుకీ పెట్టాలని నా ఉద్దేశం. కార్బొరేటర్లు, మెరిసే సైలెన్సర్లు, అవన్నీ ఆ తర్వాత.

రెండో ఖర్చు దాదాపు ఏమీ ఉండదు, ఓపిక తప్ప. ఇంజన్ గదికీ కింది రోడ్డుకీ మధ్య రేకులు, రబ్బరు అంచులు ఉంటాయి. పైన చల్లగాలి, కింద సైలెన్సర్ వేడి. ఈ రెండూ కలవకూడదు. రబ్బరు ఎండి రాలిపోతే ఫ్యాను కింది వేడిగాలినే మళ్లీ పైకి లాక్కుంటుంది. ఇంజన్ దించి పెయింట్ వేయించినప్పుడు నాలుగు రేకులు షెడ్డులోనే ఉండిపోవడం మామూలు. ముఖ్యంగా సిలిండర్ల అడుగున ఉండే చిన్న వంపు రేకులు. పైనుంచి వచ్చిన గాలి సిలిండర్ పైభాగాన్ని తాకి నేరుగా కిందికి దూకకుండా, చుట్టూ తిరిగి అడుగు భాగాన్ని కూడా తాకేలా చేసేవి అవి. హెడ్‌ల సంగతి మరొకటి. పోత పోసినప్పుడు రెక్కల మధ్య పల్చని అల్యూమినియం పొర మిగిలిపోతుంది, ఎగ్జాస్ట్ వాల్వు పక్కనే, అత్యంత వేడిగా ఉండే చోట. కొత్త హెడ్‌లలో కూడా ఇది ఉంటుంది. హ్యాక్‌సా బ్లేడు పెట్టి ఆ పొర కోసేసి, టార్చి వేసి అవతలి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడాలి. రెండు గంటల పని. దీనివల్ల కలిగే మేలు ఏ దుకాణంలోనూ అమ్మరు.

ఇక్కడే థర్మోస్టాట్ గొడవ వస్తుంది. బీటిల్‌కి కూడా థర్మోస్టాట్ ఉందని చాలామందికి తెలియదు. ఇంజన్ అడుగున, ఒకటి, రెండు నంబర్ల సిలిండర్ల కింద, మడతలు మడతల ఇత్తడి గుండు ఒకటి వేలాడుతుంటుంది. చుట్టూ గాలి 65–70 డిగ్రీలకు చేరితే అది సాగి, ఒక కమ్మీని తోసి, ఫ్యాను కవరులోని రేకు తలుపులు తెరుస్తుంది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు ఆ తలుపులు మూసి ఉంటాయి కాబట్టి త్వరగా వేడెక్కుతుంది. ‘మనది వేడి దేశం, ఇదెందుకు’ అని దీన్ని పీకేసేవారు ఎక్కువ. తలుపులతో సహా పీకేస్తారు. అది తప్పు. చల్లని ఇంజన్‌లో ఆయిల్ చిక్కగా ఉండి అరుగుదల పెరుగుతుంది. అంతకంటే ముఖ్యం, తెరిచి ఉన్నప్పుడు కూడా ఆ రేకులు గాలిని ఇటూ అటూ సమంగా మళ్లించే పని చేస్తాయి. తీసేస్తే కొన్ని సిలిండర్లకు ఎక్కువ, కొన్నిటికి తక్కువ పోతుంది. కంపెనీ వేసిన పాత గుండులో ఒక చక్కని ఏర్పాటు ఉంది: చిల్లి పడితే అది సాగిపోయి తలుపులు తెరిచే ఉంచుతుంది. పాడైనా ఇంజన్‌ని కాపాడేలా చేశారు.

ఆయిల్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే బీటిల్‌ని గాలి ఇంజన్ అనడం సగం నిజమే. గాలికి అందని చోట్ల, అంటే పిస్టన్ల అడుగునా బేరింగుల్లోనూ పుట్టే వేడిని ఆయిలే మోసుకొస్తుంది. అంత పని చేసే ఆయిల్ ఎంత? రెండున్నర లీటర్లు. దాన్ని వడగట్టడానికి జల్లెడ తప్ప ఫిల్టరు లేదు. అందుకే కంపెనీ 5,000 కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చమనేది. పంపు మూత మార్చి, డొక్కకు ఒక బెజ్జం వేసి మరలు కట్టి, ఆయిల్ మొత్తం ఫిల్టరు గుండా తిరిగొచ్చేలా చేయించడం నేను సిఫారసు చేసే మార్పుల్లో మూడోది. ఎండ ప్రాంతాల్లో విడిగా ఇంకో కూలరు, దానికో చిన్న కరెంటు ఫ్యాను కూడా పెట్టుకోవచ్చు; కానీ ఆయిల్ వేడెక్కాకే దాన్ని అటు పంపే థర్మోస్టాట్ తప్పనిసరి. ఆయిల్ 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉండాలి. మరీ చల్లగా ఉంటే అందులో చేరిన తేమ ఆవిరైపోదు.

ఎండకు చిక్కటి ఆయిల్ పోస్తే మంచిదన్న నమ్మకం మన దగ్గర గట్టిగా ఉంది. బీటిల్‌లో అది ఎదురు తిరగవచ్చు. ఆయిల్ ఒత్తిడి పెరిగితే కూలరు పగిలిపోకుండా ఒక స్ప్రింగు వాల్వు ఉంటుంది. ఒత్తిడి ఎక్కువైతే అది తెరుచుకుని, ఆయిల్‌ని కూలరు దాటించి నేరుగా ఇంజన్‌లోకి పంపేస్తుంది. ఆయిల్ ఎంత చిక్కనైతే ఆ వాల్వు అంతసేపు తెరుచుకుని ఉంటుంది. కూలరు దాకా పోని ఆయిల్ చల్లబడేదెక్కడ?

ఇక హీటరు. మన వాతావరణంలో దీని అవసరం తక్కువ, కానీ బీటిల్ ఎక్కువగా తిరిగిన దేశాల్లో యజమానుల అసలు ఫిర్యాదు ఇదే: చలికి కాళ్లు కొంకర్లు పోతాయి. దాని పద్ధతి తెలివైనదే. ఫ్యాను కవరు నుంచి రెండు గొట్టాలు కిందికి దిగి, సైలెన్సర్‌కి వెళ్లే ఎగ్జాస్ట్ పైపుల చుట్టూ ఉన్న రేకు పెట్టెల్లోకి పోతాయి. పెట్టె లోపల పైపుకి రెక్కలుంటాయి. ఆ వేడిని పీల్చుకున్న గాలి, గుమ్మాల కింద కారు పొడవునా ఉండే రేకు గొట్టాల్లోంచి ముందుకు వచ్చి కాళ్ల దగ్గరా అద్దం దగ్గరా బయటపడుతుంది. 1960ల మొదట్లో ఈ తాజాగాలి పద్ధతి రాకముందు, సిలిండర్లను తాకి వచ్చిన గాలినే లోపలికి పంపేవారు; ఆయిల్ కమురుతోపాటు.

తాజాగాలి పద్ధతిలోనూ రెండు చిక్కులున్నాయి. ఫ్యాను ఇంజన్‌తోపాటు తిరుగుతుంది కాబట్టి ట్రాఫిక్‌లో ఆగితే హీటరూ ఆగుతుంది. రెండోది, వెచ్చటి గాలి ప్రయాణించే గుమ్మపు గొట్టాలు వట్టి ఇనుప రేకులు; ఒకవైపు మంచు రోడ్డు. గాలి ముందు అద్దం చేరేసరికి సగం వేడి దారిలోనే పోతుంది. ఆ గొట్టాలు తుప్పు పట్టాయా, మిగతా సగమూ చిల్లుల్లోంచి పోతుంది. అందుకే బీటిల్‌లో హీటరు బాగుచేయడమంటే ముందు బాడీ బాగుచేయడం. గుమ్మపు గొట్టాలు మార్చి, లోపల వేడి ఆపే పూత వేసి, తలుపుల రబ్బర్లు కొత్తవి వేశాక చాలా కార్లలో ఇంకేమీ అక్కర్లేకపోతుంది. ఆ తర్వాత కూడా చాలకపోతే, ఫ్యాను కవరుకీ హీటర్ పెట్టెకీ మధ్య చల్లని వైపున ఒక కరెంటు బ్లోయరు పెడితే సిగ్నల్ దగ్గర కూడా గాలి ఆడుతుంది. పెట్టె తర్వాత, వేడి వైపున పెడితే దాని ప్లాస్టిక్ కరిగిపోతుంది. బాగా చలి దేశాల్లో పెట్రోలుతో విడిగా మండే హీటర్లు బిగించుకునేవారు, వాటికి సొంత పొగగొట్టం ఉంటుంది.

ఇందులో ప్రాణం మీదికి వచ్చే సంగతి ఒకటుంది. హీటర్ పెట్టె లోపలి ఎగ్జాస్ట్ పైపుకి చిల్లి పడితే, కార్బన్ మోనాక్సైడ్ వెచ్చటి గాలితో కలిసి నేరుగా కారులోకి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, మగత, ఆ తర్వాత స్పృహ తప్పడం. పాత హీటర్ పెట్టెలు వాడేముందు ఒక కొస మూసి ఇంకో కొసలోంచి గాలి ఊది, నీళ్లలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. కారులో ఈ వాయువుని పసిగట్టే చిన్న అలారం పెట్టుకోవాలి. మిగతా మార్పులన్నీ సరదా, ఇది కాదు.

పికప్ కోరుకునేవారి సంగతికి వద్దాం. 1600 సీసీ ఇంజన్‌లో సిలిండర్ బోరు 85.5 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణం 69 మిల్లీమీటర్లు. బోరు 87కి పెంచితే 1641 సీసీ అవుతుంది. దీనికి డొక్క కోయించనక్కర్లేదు, సిలిండర్లు నేరుగా దూరతాయి. ఎక్కువమంది అందుకే దీన్ని ఎంచుకుంటారు. కానీ బయటి కొలత మారకుండా లోపల పెరిగిందంటే గోడ పల్చబడిందని. పల్చని గోడ వేడికి గుండ్రం తప్పుతుంది. డొక్కా హెడ్‌లూ కోయించి 90.5 సిలిండర్లు వేస్తే 1776 సీసీ. గోడ మందం నిలుస్తుంది. ఖర్చు ఎక్కువే, అయినా నా ఓటు దీనికే. 94 బోరుతో 1915 సీసీ దాకా, క్రాంక్ కూడా మారిస్తే రెండు వేల మూడొందల దాకా పోయేవాళ్లున్నారు. బోరు పెరిగేకొద్దీ పక్కపక్క సిలిండర్ల మధ్య రెక్కలకు చోటు తగ్గుతుంది. పుట్టే వేడి పెరుగుతుంటే, దాన్ని వదిలే వైశాల్యం కుంచించుకుపోతుంది.

పెద్ద ఇంజన్ అంటే ఎప్పుడూ ఎక్కువ వేడే అని కాదు. వేడి ఇంజన్ సైజుని బట్టి కాదు, వాడుకున్న శక్తిని బట్టి పుడుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో సాఫీ రోడ్డు మీద పోవడానికి బీటిల్‌కి పదికి అటూ ఇటూగా కిలోవాట్లు చాలు. 1200 సీసీ అయినా 1776 అయినా అంతే. అదే 110 మీద పోతే గాలి తాకిడి వల్ల ఆ అవసరం రెట్టింపు అవుతుంది. కాబట్టి మధ్యస్తంగా పెంచిన ఇంజన్‌ని నెమ్మదిగా నడిపితే అది చల్లగానే ఉంటుంది. బలాన్ని ఓవర్‌టేక్ చేసే పది సెకన్లకి వాడుకోవాలి. పది నిమిషాలు వాడితే హెడ్‌కి పెట్టిన మీటరు ముల్లు కదలడం కనిపిస్తుంది. ఆ మీటరు లేకుండా బోరు పెంచకూడదు.

ఇంజన్ బలం కోసం చేసే కొన్ని పనులు నేరుగా గాలి మీద దెబ్బ కొడతాయి. ‘పవర్ పుల్లీ’ అని ఒకటి అమ్ముతారు. ఇంజన్ వైపు పుల్లీ చిన్నది చేసి ఫ్యాను వేగం తగ్గిస్తుంది. ఫ్యాను తిప్పడానికి పోయే శక్తి మిగులుతుంది కాబట్టి నిజంగానే రెండు మూడు హార్స్‌పవర్ కలిసొస్తుంది. కొన్ని సెకన్ల రేసులకు అది సరే. రోడ్డు మీద తిరిగే కారుకి అది ఊపిరి బిగబట్టించడమే. ఇంకొందరు మెరుగైన సైలెన్సర్ కోసం హీటర్ పెట్టెలు తీసేసి మామూలు పైపులు వేస్తారు. హీటరు పోతుంది, సరే. కానీ ఫ్యాను కవరు నుంచి ఆ పెట్టెలకు గాలి పంపిన రెండు రంధ్రాలు మూయడం మరిచిపోతే, సిలిండర్లకు పోవాల్సిన గాలి వాటిలోంచి వృథాగా పోతూనే ఉంటుంది. మా స్కూటర్ కవరు కథే మళ్లీ.

కార్బొరేటర్ల విషయంలో మాత్రం మార్పు మేలు చేస్తుంది. నడిమధ్య ఒకే కార్బొరేటర్, అక్కడి నుంచి రెండు హెడ్‌ల దాకా పొడవాటి పైపులు. చలిలో పెట్రోలు ఆ పైపుల గోడలకు అంటుకుంటుంది. అందుకే కంపెనీ ఎగ్జాస్ట్ వేడిని తెచ్చి ఆ పైపులకు చుట్టింది. రెండు హెడ్‌ల మీద రెండు కార్బొరేటర్లు పెడితే దారి తగ్గి, నాలుగు సిలిండర్లకూ మిశ్రమం సమంగా అందుతుంది. సమంగా అందడం ముఖ్యం, ఎందుకంటే పెట్రోలు తక్కువైన సిలిండర్ ఎక్కువ కాగుతుంది.

ఈ సంగతి మనకు ఇప్పుడు మరీ దగ్గరిది. మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. వట్టి పెట్రోలు ఒక కిలో మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఈ మిశ్రమానికి సుమారు 13.5 చాలు. పాత కార్బొరేటర్‌కి ఆ సంగతి తెలియదు, పాత కొలతనే గాలి కలుపుతుంది. ఇంజన్ దృష్టిలో ఇంధనం ఎనిమిది శాతం పల్చబడినట్టు. ఇథనాల్ ఆవిరవుతూ కొంత వేడి లాగేసుకుంటుంది, అది మేలే. అయినా కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే రంధ్రం, అంటే మెయిన్ జెట్, ఒక సైజు పెంచుకోవడం మంచిది. పాత రబ్బరు పైపులు తప్పక మార్చాలి. ఇథనాల్‌కి అవి ఉబ్బి పగులుతాయి, బీటిల్‌లో పెట్రోలు పైపు ఇంజన్ మీదే ఉంటుంది, కింద మెగ్నీషియం డొక్క. మెగ్నీషియం అంటుకుంటే నీళ్లతో ఆరదు, నీళ్లు పోస్తే ఇంకా రాజుకుంటుంది. బ్రెజిల్ ఇంజనీర్లు 1980లలోనే వట్టి ఆల్కహాల్‌తో నడిచే ఫుస్కాలు చేశారు. కాబట్టి ఈ ఇంజన్‌కీ ఇథనాల్‌కీ పుట్టు వైరం లేదు, పైపులూ జెట్లూ దానికి తగ్గట్టుండాలి, అంతే.

ఏసీ కావాలా? అమెరికాలో 1960ల చివర్లోనే డీలర్లు బీటిల్‌కి ఏసీ బిగించి ఇచ్చేవారు, కాబట్టి అసాధ్యం కాదు. కానీ ఇది ఇంజన్ మీద రెండు వైపుల నుంచి భారం వేస్తుంది. కంప్రెసర్ 50 హార్స్‌పవర్‌లోంచి మూడు నాలుగు తినేస్తుంది. కారులోంచి లాగిన వేడికి కంప్రెసర్ శ్రమ కలిపి కండెన్సర్ బయటికి వదులుతుంది. మూడు కిలోవాట్లు లాగితే, వదిలేది అయిదు పైనే. ఆ కండెన్సర్‌ని వెనక మూత మీది గాలి చీలికల దగ్గర పెడితే, ఇంజన్ పీల్చే గాలిని మనమే వేడి చేసి ఇచ్చినట్టు. కారు అడుగున ముందు వైపునో, మడ్‌గార్డు లోపలో పెట్టి, దానికి సొంత కరెంటు ఫ్యాను ఇవ్వాలి. దానికి డైనమో కరెంటు చాలదు, ఆల్టర్నేటర్ కావాలి. ఆ ఆల్టర్నేటర్ ఇరుసుకే మళ్లీ ఇంజన్ ఫ్యాను. నా మాట అడిగితే, మొదట పైకప్పు లోపలా కార్పెట్ కిందా వేడి ఆపే పొర వేయించి, తలుపుల ముందువైపు త్రికోణపు అద్దాలు బాగుచేయించుకుని, ఒక వేసవి నడిపి చూడమంటాను. ఆ చిన్న అద్దాన్ని వెనక్కి తిప్పితే గాలి నేరుగా ఛాతీ మీద పడుతుంది. ఆ తర్వాత కూడా ఏసీ కావాలనిపిస్తే, డాగ్‌హౌస్, ఫిల్టరు, అదనపు ఆయిల్ కూలరు అన్నీ ముందు వేసి, దాన్ని చివర్లో పెట్టాలి.

ఇవన్నీ కొత్తగా కనిపెట్టినవి కావు. వోక్స్‌వ్యాగన్ 1960ల చివర్లోనే తన 1600 కార్లలో కంప్యూటర్ పెట్టె నియంత్రించే పెట్రోలు ఇంజెక్షన్ పెట్టింది. 1990లలో మెక్సికో బీటిల్‌లకు ఇంజెక్షన్, ఆయిల్ ఫిల్టరు, తమంతట తామే సర్దుకునే ట్యాపెట్లు ఫ్యాక్టరీలోనే వచ్చాయి. సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉన్న మెక్సికో నగరంలో, మామూలు కంటే ఐదోవంతు పల్చని గాలిలో, వేల బీటిల్ టాక్సీలు రోజంతా తిరిగాయి. పల్చని గాలి ఇంజన్ బలాన్నీ తగ్గిస్తుంది, దాంతో పుట్టే వేడీ తగ్గుతుంది. చల్లదనంలో పోయినది అక్కడ కలిసొచ్చింది.

2003 జులై 30న మెక్సికోలోని ప్యూబ్లా ఫ్యాక్టరీ నుంచి చివరి బీటిల్ బయటికి వచ్చింది. లేత నీలం రంగుది. దాన్ని జర్మనీకి, వోల్ఫ్స్‌బర్గ్ మ్యూజియంకి పంపారు. దాని వెనక మూత తెరిస్తే ఇంజెక్షన్ పైపులు కనిపిస్తాయి, ఆల్టర్నేటర్ కనిపిస్తుంది, ఆ ఆల్టర్నేటర్ ఇరుసు కొసన అదే ఫ్యాను, దాన్ని తిప్పడానికి అదే ఒక్క బెల్టు.